షిండెన్ ముక్కులో బరువు పెట్టాల్సిందే

రెండో ప్రపంచ యుద్ధం నాటి జపాన్ యుద్ధ విమానం క్యూషూ జె7డబ్ల్యూ1 షిండెన్ ప్లాస్టిక్ మోడల్ కిట్ ‘కొత్తవాళ్లకు తేలిక, అతికించేస్తే చాలు’ అని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట నమ్మితే మోడల్ వెనక్కి ఒరిగిపోతుందండీ. 1945 ఆగస్టు 3న తొలిసారి ఎగిరిన ఈ విమానానికి ఇంజను, ఆరు బ్లేడ్ల ప్రొపెల్లర్, పెద్ద రెక్క అన్నీ వెనకవైపే. ముక్కు దగ్గర ఉండేది చిన్న రెక్క మాత్రమే.

బాడీ రెండు సగాలూ అతికించకముందే టేపుతో అన్నీ బిగించి, పెద్ద చక్రాలు వచ్చే చోట కింద పెన్సిల్ అడ్డంగా పెట్టి చూడండి. గాలానికి కట్టే సీసం గుండ్లు ముక్కు మీద ఒక్కొక్కటే పెడుతూ పోతే ఒకచోట ముందుకు వాలుతుంది. రంగు, డెకాల్స్ (మోడల్‌పై అంటించే గుర్తుల స్టిక్కర్లు) బరువు కూడా ఉంటుంది కాబట్టి ఇంకో గుండు కలపండి. గుండ్లు ఎంత ముందుకు ఉంటే అంత తక్కువ సరిపోతాయి. మరీ ఎక్కువైతే ముందు చక్రానికి ఉండే సన్నటి కాలు వంగుతుంది.

ఆ సీసం గుండ్లను ముక్కు లోపల ఎపాక్సీతోనే (రెండు ట్యూబులు కలిపి వాడే గట్టి జిగురు) అతికించాలి. తెల్ల ఫెవికాల్ వాడకండి, కొన్నాళ్లకు సీసం దానితో చర్య జరిపి ఉబ్బుతుంది, అతుకు పగులుతుంది. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి.

ఇక రంగు. మన హైదరాబాద్‌లో ముసురు పట్టిన రోజు లాకర్ (త్వరగా ఆరే, థిన్నర్‌తో పలుచన చేసే రంగు) స్ప్రే చేస్తే తెల్లటి మసక కమ్ముతుంది, ఎండ కాసేదాకా ఆగడమే మేలు. మే నెలలో ఇబ్బంది వేరు: రంగు గాల్లోనే ఆరి ఇసుకలా గరుకు తేలుతుంది. రిటార్డర్ (రంగు నెమ్మదిగా ఆరేలా చేసే ద్రవం) కొద్దిగా కలిపి, ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న పరికరం) మోడల్‌కు దగ్గరగా పట్టండి.