సవరణ: నికోటిన్ గమ్ గురించి నేను రాసింది తప్పు

సిగరెట్ మానాలనుకునే కుర్రాళ్ల కోసం పోయిన వారం రాసిన పోస్టులో, "సిగరెట్ తాగాలనిపిస్తే టీ తాగుతూ ఒక నికోటిన్ గమ్ నమలండి" అన్నాను. అది తప్పు. నమ్మి పాటించినవాళ్లు క్షమించాలి.

నికోటిన్ గమ్ మామూలు చూయింగ్ గమ్ కాదు. అందులోని నికోటిన్ (సిగరెట్‌కు అలవాటు పడేలా చేసే పదార్థం) నోటి లోపలి పొర నుంచే ఒంట్లోకి వెళ్లాలి. గబగబా నమిలితే లాలాజలంతో కడుపులోకి పోయి ఎక్కిళ్లు, వికారం, గుండెల్లో మంట వస్తాయి. మెల్లగా నమిలి, నోట్లో చురుకుమనగానే ఆపి, గమ్‌ను బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్లీ కాస్త నమలాలి. ఇలా సుమారు 30 నిమిషాలు. గమ్‌కు 15 నిమిషాల ముందు నుంచి, అది నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, కూల్‌డ్రింకులు వద్దు. నికోటిన్ సరిగా ఎక్కదు. పైగా మనలో చాలామందికి సిగరెట్ గుర్తొచ్చేదే టీ కొట్టు దగ్గర!

లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకు సాధారణంగా 4 మిల్లీగ్రాముల నికోటిన్ ఉన్న గమ్, మిగతావాళ్లకు 2 మిల్లీగ్రాములది సరిపోతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ను అడగాలి.

ఇంకొకటి. "ఇ-సిగరెట్‌కు మారినా ఫర్వాలేదు" అన్న వాక్యం తీసేశాను. 2019 చట్టం ప్రకారం మన దేశంలో వాటి అమ్మకం నిషేధం.

సిగరెట్ మానాక టెన్షన్, చిరాకు మొదటి వారంలో బాగా ఎక్కువని గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ ఫోన్ లైన్ (క్విట్‌లైన్) 1800-11-2356కు చేయండి, ఉచితం.