చల్లటి లావా

మన దేశంలో ఇంకా రగులుతున్న అగ్నిపర్వతం ఒక్కటే. అది అండమాన్‌లోని బారెన్ దీవిలో ఉంది. కానీ ఏటా ఫిబ్రవరి 28న, జాతీయ సైన్స్ దినోత్సవం నాడు, మన బడుల్లో సైన్స్ ప్రాజెక్టులుగా పేలే బొమ్మ అగ్నిపర్వతాలను కూడా లెక్కేస్తే ఇండోనేసియా మన ముందు చేతులు కట్టుకుని నిలబడాలి.

ఈ నిర్మాణంలో ఎవరి పని వారిదే. థర్మకోల్ కోసేది తండ్రి, రంగులు వేసేది తల్లి. విద్యార్థి మోడల్‌ని ముట్టుకోకుండా పక్కన నిలబడి, ముఖ్య అతిథి రాగానే "గుడ్ మార్నింగ్ సార్" అని మొదలుపెట్టి గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. దీన్నే చేసి నేర్చుకోవడం అంటారు.

గిట్టనివాళ్లు ఉంటారు. వంటసోడాలో వెనిగర్ పోస్తే వేడి ఎక్కడిది, వేలు పెడితే ఆ లావా చల్లగా ఉంటుంది కదా అంటారు. శిలాద్రవంలో ఇమిడి ఉన్న వాయువులు ఒత్తిడి తగ్గగానే బుడగలై పైకి తన్నుతాయి, సోడా సీసా కుదిపి మూత తీస్తే అసలు సంగతి అర్థమవుతుంది అంటారు. సోడా ఇరవై రూపాయలు. నా కొండకి ఆరువందలైంది. ఏది గొప్ప ప్రాజెక్టో మీరే చెప్పండి.

ఈసారి రిహార్సల్లో వెనిగర్ ఒలికి వంటగట్టు మీద పడింది. గట్టు కడప బండ. మావాడు వంగి చూసి, "నాన్నా, రాయి కూడా నురగ కడుతోంది! ఇందులోనూ వంటసోడా ఉందా?" అన్నాడు.

"నిమ్మకాయ అక్కడ పిండొద్దని పదేళ్లుగా మొత్తుకుంటున్నా, మచ్చలు పడతాయని" అంది మా ఆవిడ. ఇంట్లో ఉన్న భూగర్భ శాస్త్రవేత్త ఆవిడేనని ఆలస్యంగా తెలిసింది.

నాకు టెన్షన్ మొదలైంది. అది సున్నపురాయిరా, పులుపు తగిలితే కరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, ఇలాంటి రాయినే నీళ్లు యుగాల తరబడి కరిగిస్తూ పోతే మూడు కిలోమీటర్ల పైచిలుకు బెలుం గుహలయ్యాయి అని చెప్పొచ్చు. చెబితే గుహలు చూడాలంటాడు. చూశాక వీధిలో కంకరకుప్ప ఎక్కి రాళ్లు ఏరతాడు. యూనిఫామ్ ఎవరు ఉతుకుతారు?

"అది సిలబస్‌లో లేదు" అన్నాను.

వాడు వినలేదు. ప్రదర్శనలో కొండ పక్కనే ఒక బండముక్క పెట్టుకుని, మేకుతో గీకి, ఆ పొడి మీద వెనిగర్ చుక్క వేసి వచ్చినవాళ్లకల్లా చూపించాడు. న్యాయనిర్ణేత కాసేపు చూసి, "దీనికి రంగెందుకు వెయ్యలేదు బాబూ?" అన్నారు.

మొదటి బహుమతి కొండకే వచ్చింది. సర్టిఫికెట్ ఫ్రేము కట్టించాం. గట్టు మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ పడింది, దాని మీద ఇప్పుడు ఉప్పుడబ్బా ఉంటోంది.