పత్తి కట్టె కరెంటుపై పెత్తనం పంచాయతీదే కావాలి

జనవరి దాటిందంటే ఆదిలాబాద్ నుంచి నల్గొండ దాకా పత్తి చేలల్లో ఒకటే పని. కట్టె పీకడం, గట్టున కుప్పేయడం, నిప్పు పెట్టడం. ఎంత తక్కువ లెక్కేసినా ఎకరానికి టన్ను ఎండు కట్టె బూడిదవుతోంది. అదే కట్టెను ముక్కలు చేసి గ్యాసిఫైయర్‌లో, అంటే చాలీచాలని గాలితో కట్టెను మండే గ్యాసుగా మార్చే యంత్రంలో వేసి, ఆ గ్యాసుతో ఇంజన్ నడిపితే కిలోంబావుకు ఒక యూనిట్ కరెంటు వస్తుంది. ఇదేమీ కొత్త కబురు కాదు. కర్ణాటకలోని హోసహళ్లిలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు 1980ల చివర్లోనే కట్టె గ్యాసుతో దీపాలు వెలిగించారు, ఆ తర్వాత మంచినీళ్లు తోడారు, పిండిమర తిప్పారు. బిహార్‌లో పశ్చిమ చంపారన్ జిల్లా తమ్‌కుహాలో హస్క్ పవర్ సిస్టమ్స్ 2007లో ఊకతో ఊరికి కరెంటిచ్చింది. దారి ఇంత స్పష్టంగా ఉన్నా మన ఊళ్లు ఇంకా కట్టెను కాల్చుకుంటూనే ఉన్నాయి. యంత్రం చేతకాక కాదు. ఇంధనం మీద ఊరికి పట్టు లేక.

ఊక విషయమే చూడండి. వ్యర్థం కదా, చవగ్గా దొరుకుతుంది కదా అని ప్లాంటు పెడతారు. పెట్టిన మర్నాటి నుంచే దానికి గిరాకీ. ఉప్పుడు బియ్యం మిల్లుల బాయిలర్లకు అదే కావాలి, ఇటుక బట్టీలకూ అదే కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 ప్రాంతంలో వరసగా వచ్చిన బయోమాస్ ప్లాంట్లను, అంటే ఊక, కట్టె లాంటి వ్యర్థాలతో కరెంటు తీసేవాటిని, దెబ్బతీసింది ఇదే. 6 మెగావాట్ల ప్లాంటు ఆగకుండా నడవాలంటే రోజుకు 150 టన్నుల పైచిలుకు మేత వేయాలి. ఊక ధర మిల్లు యజమాని, లారీ యజమాని చెప్పినంత. కరెంటు ధర విద్యుత్ నియంత్రణ మండలి రాసినంత. ఈ రెంటి మధ్య నలిగిన యాజమాన్యాలు టారిఫ్ కోసం కోర్టుల చుట్టూ తిరిగాయి, కొన్ని చేతులెత్తేశాయి. రైతుకు ఆ కథలో ఎక్కడా చోటు లేదు.

అందుకే పత్తి కట్టె అంటున్నాను. ఊకకు ఉన్నంత దళారీ వ్యవస్థ దానికి ఇంకా పుట్టలేదు. పుట్టక ముందే ఊరు మేలుకోవాలి.

20 కిలోవాట్ల యంత్రం సంగతి చూద్దాం. రోజుకు 10 గంటలు, సగటున 15 కిలోవాట్ల లోడు మీద నడిస్తే 150 యూనిట్లు. ఏడాదిలో 300 రోజులకు కట్టె దాదాపు 60 టన్నులు, అంటే 60 ఎకరాల చేను. పత్తి ఊరికి ఇదొక లెక్కా? చిక్కంతా నిల్వలో ఉంది. కట్టె వచ్చేది రెండు మూడు నెలలు, మండాల్సింది ఏడాదంతా. 60 టన్నుల ముక్కలు 12 అడుగుల ఎత్తున పోసినా 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు షెడ్డు నిండుతుంది. పైకప్పు లేకుండా వానాకాలంలోకి అడుగుపెడితే ఆ ఏడాదికి అంతే సంగతులు. కట్టెను కుప్పగా వదిలేయడమూ ప్రమాదమే. విచ్చుకోని కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. పీకిన వారంలోపే ట్రాక్టర్ ష్రెడ్డర్‌తో ముక్కలు కొట్టించాలి.

ముక్క సైజు ఒకటి నుంచి రెండంగుళాలు. పొడవు ఎక్కువైతే అడ్డం పడి రియాక్టర్, అంటే గ్యాసు తయారయ్యే పొయ్యి లోపల గూడు కడుతుంది. దాని కింద ఖాళీ ఏర్పడి, తయారైన గ్యాసు అక్కడే మండిపోతుంది. మరీ పొడైతే గాలి ఆడదు. తేమ 15 శాతం మించితే రియాక్టర్ గొంతు దగ్గర వేడి పడిపోయి, అక్కడ విరిగిపోవాల్సిన తారు గ్యాసుతో పాటు ఇంజన్‌లోకి చేరుతుంది. రాత్రి ఆపిన ఇంజన్ పొద్దున కదలదు, ఇన్‌లెట్ వాల్వ్ అతుక్కుపోయి ఉంటుంది. గ్యాసును వడకట్టే ఫిల్టర్‌కు తగిలించిన యూ ఆకారపు గాజు గొట్టంలో నీటి మట్టాల తేడా పెరుగుతోందంటే ఫిల్టర్‌లోని రంపపు పొట్టు మార్చే వేళయిందని అర్థం. ఆపరేటర్ పూటకు రెండుసార్లు ఆ గొట్టం చూస్తే ఇంజన్ బతుకుతుంది. యంత్రం ఉండే షెడ్డుకు గోడలు కట్టొద్దు. ఆ గ్యాసులో దాదాపు ఐదో వంతు కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన ఉండదు. గ్యాసును కడిగిన నల్లటి నీళ్లు కాలువలోకి వదలకూడదు, సిమెంటు తొట్టిలో తేర్చి మళ్లీ వాడాలి.

ఇక ధర. ఇద్దరు మనుషులకు నెలకు 24 వేలు జీతమనుకుందాం. సాయంత్రం నాలుగు గంటలు బల్బులకే నడిపితే నెలకు వెయ్యి యూనిట్లు కూడా రావు, జీతాలే యూనిట్‌కు 25 రూపాయలు తింటాయి. ప్రాజెక్టును మొదటి ఏడాదే ముంచేది ఇదే. పిండిమర, కారం మర, నూనె గానుగ, పాల కూలర్ తగిలించి నెలకు 3,750 యూనిట్లు అమ్మగలిగితే జీతం వాటా ఆరు రూపాయల చిల్లరకు దిగుతుంది. కిలో మూడు రూపాయలకు కొంటే కట్టె ఖర్చు నాలుగు రూపాయలు. మరమ్మతులు కలిపినా నడిపే ఖర్చు 12 దాటదు. డీజిల్ జనరేటర్ లీటరుకు మూడు, మూడున్నర యూనిట్లే ఇస్తుంది, అంటే యూనిట్ 30 రూపాయల దరిదాపు. పైగా ఇంజన్ పొగ వేడితో మిర్చి, మొక్కజొన్న ఆరబెట్టుకోవచ్చు.

గ్రిడ్ అన్ని ఊళ్లకూ చేరింది, పగటి పూట సోలార్ ఇంతకంటే చవక, కట్టెను దున్నేస్తే నేలకు బలం అంటారు. మొదటి రెండూ నిజమే. ఇళ్లకిచ్చే రాయితీ కరెంటుతో ఇది పోటీ పడదు, పడాల్సిన పనీ లేదు. కానీ పొద్దు గూకాక సోలార్ లేదు. నేలకు బలం మాట అంటారా, ఇప్పుడు జరుగుతున్నది దున్నడం కాదు, తగలబెట్టడం. గ్యాసిఫైయర్ నుంచి దిగే బొగ్గును చేలో చల్లుకుంటే అంతోఇంతో వెనక్కి చేరుతుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యం, ఈ యూనిట్ ఖర్చులో పది రూపాయలు ఊళ్లోనే తిరగడం. కట్టె డబ్బు రైతుకు, కొట్టినందుకు ట్రాక్టర్‌కు, నడిపినందుకు ఊరి కుర్రాళ్లకు. ఇది జరగాలంటే యాజమాన్యం ఊరిదవ్వాలి. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్ తెరిచి చూడండి. ఇంధనం, పశుగ్రాసం 12వ అంశం. విద్యుత్ పంపిణీతో కూడిన గ్రామీణ విద్యుదీకరణ 14వది. సంప్రదాయేతర ఇంధన వనరులు 15వది. మూడూ పంచాయతీలకు అప్పగించదగ్గవని 73వ సవరణ రాసి మూడు దశాబ్దాలు దాటింది. మన ప్రభుత్వాలు పంచాయతీలకు మిగిల్చింది వీధి దీపాల బిల్లు మాత్రమే! రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన గ్రామీణ ప్రాంతంలో కరెంటు తయారుచేసి పంచడానికి లైసెన్సు అక్కర్లేదని 2003 విద్యుత్ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. ఊరి వాళ్లకు చేతకాదనే వాళ్లు సిరిసిల్ల వెళ్లి రావాలి. 1970 నుంచి అక్కడ కరెంటు పంపిణీ చేస్తున్నది సహకార సంఘమే.

కాబట్టి యంత్రానికి టెండర్ పిలవడంతో మొదలుపెట్టొద్దు. పత్తి విత్తే జూన్‌లోనే గ్రామసభలో కట్టె ఒప్పందం రాయాలి. 15 శాతం లోపు తేమ ఉన్న ముక్కకు కిలో మూడు రూపాయలు, తేమ పెరిగిన కొద్దీ కోత, డబ్బు తూకం వేసిన వారంలోపు, ఒప్పందం మూడేళ్లకు, ఆ లోపు ధర మార్చేది గ్రామసభే. 60 ఎకరాల రైతులు సంతకం పెట్టాక షెడ్డు కట్టాలి. షెడ్డు నిండాక యంత్రం కొనాలి.