కుంగ్‌ఫూకు బోధిధర్ముడే మూలపురుషుడా?

కంచి పల్లవ రాజకుమారుడైన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు చైనా వెళ్లి షావోలిన్ మఠంలోని బలహీనులైన భిక్షువులకు కేరళ యుద్ధకళ కళరిపయట్టు నేర్పాడనీ, అంతకుముందు చైనీయులకు యుద్ధకళలే తెలియవనీ, ఆ మఠం నుంచే కుంగ్‌ఫూ దేశమంతటా వ్యాపించి కరాటే, జూడో, తైక్వాండోలకు తల్లి అయిందనీ చెప్పే సందేశం ఏళ్ల తరబడి తెలుగువారి ఫోన్లలో తిరుగుతోంది. మనవాడి గొప్ప చెప్పుకోవాలన్న అభిమానాన్ని నేను తప్పుపట్టను. అయితే ఒక్కో మాటనూ ఆధారాలతో సరిచూస్తే నిలిచేది చాలా తక్కువ.

చైనాకు అంతకుముందు యుద్ధకళలు తెలియవన్న మాట అన్నిటికంటే ముందు వీగిపోతుంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో రాసిన హాన్ వంశ చరిత్రలో ఒక గ్రంథాల పట్టిక ఉంది. ఒట్టి చేతులతో పోరాడే విద్య మీద ఆరు భాగాల రచన ఒకటి అందులోని సైనిక గ్రంథాల వరుసలో నమోదైంది. బోధిధర్ముడు చైనాలో అడుగుపెట్టడానికి ఇది కొన్ని వందల ఏళ్ల ముందటి సంగతి.

ఇక బోధిధర్ముడు మఠంలో పోరువిద్య నేర్పాడన్న అసలు మాటకు వద్దాం. ఆయన పేరు కనిపించే అతి పాత రచన క్రీ.శ. 547 నాటి లుయోయాంగ్ మఠాల వర్ణన. అది ఆయనను పారశీకుడంటుంది. 645 నాటి భిక్షువుల చరిత్ర దక్షిణ భారతీయుడంటుంది. రెండింటిలోనూ ధ్యానం, భక్తి ఉన్నాయి తప్ప పిడికిలి లేదు, కర్ర లేదు. షావోలిన్‌ను కూడా 495 ప్రాంతంలో చైనా చక్రవర్తి కట్టించింది బతువో అనే మరో భారతీయ భిక్షువు కోసం. ఆ మఠం భిక్షువులు 621లో భావి తాంగ్ చక్రవర్తి లీ షిమిన్ పక్షాన పోరాడిన మాట నిజమే. 728 నాటి శిలాశాసనం ఆ సంగతి చెబుతుంది, కానీ ఆ పోరువిద్యను బోధిధర్ముడికి ఆపాదించదు.

అంతకన్నా బలమైన సాక్ష్యం మఠం లోపలి నుంచే వస్తుంది. షావోలిన్‌లో పదేళ్లకు పైగా ఉండి కర్రసాము నేర్చుకున్న చెంగ్ జోంగ్‌యూ 17వ శతాబ్దం మొదట్లో ఆ విద్య మీద ఒక పుస్తకం రాశాడు. తిరుగుబాటుదారులు మఠం మీదికి వచ్చినప్పుడు వంటశాల సేవకుడొకడు పొయ్యి ఎగదోసే కర్ర చేతబట్టి వాళ్లను తరిమాడనీ, అతడు కిన్నర దేవుడి అవతారమనీ భిక్షువులు చెప్పుకొనేవారు. తమ కర్రసాముకు వాళ్లు మూలంగా చూపింది ఆ కిన్నరుణ్ణే. బోధిధర్ముడే గురువైతే ఆయన శిష్యపరంపరే ఆయనను మరిచిపోయి వంటశాల వైపు చూపిస్తుందా?

ఆయన పేరు ఈ విద్యకు అంటుకున్నది 1624 నాటి వ్యాయామ గ్రంథం యీజిన్ జింగ్‌తో. దానికి 628 నాటిదంటూ తగిలించిన ముందుమాట, ఆ గ్రంథం చేతులు మారిన వరుసలో ఒక కల్పిత కథానాయకుణ్ణి నిజమైన మనిషిగా చూపుతుంది. పైగా ఆ పుస్తకం చెప్పేది దేహదారుఢ్యం గురించే కానీ పోరాటం గురించి కాదు. బోధిధర్ముడే ముష్టియుద్ధాన్ని సృష్టించాడన్న మాట బాగా ప్రచారంలోకి వచ్చింది 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే. చైనా చరిత్రకారుడు తాంగ్ హావో 1930లోనే దాన్ని ఆధారాలతో ఖండించాడు.

కళరిపయట్టు సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. దాని ఇప్పటి రూపం 11, 12 శతాబ్దాల కేరళలో రూపుదిద్దుకుందని పరిశోధకులు చెబుతారు. బోధిధర్ముడి కాలం అంతకు అయిదారు వందల ఏళ్ల ముందుది.

ఒక్క మఠం నుంచే దేశమంతా పాకిందన్న మాట నాకు మరీ అన్యాయంగా తోస్తుంది, ఎందుకంటే అది లెక్కలేనంతమంది సామాన్యుల కృషిని తుడిచేస్తుంది. జపాన్ సముద్రపు దొంగలతో పోరాడిన సేనాని చీ జిగువాంగ్ 1560 ప్రాంతంలో రాసిన సైనిక గ్రంథంలో తన కాలపు పోరువిద్యలను పేరుపేరునా చెబుతాడు. వాటిలో షావోలిన్ కర్రసాము ఒకటి మాత్రమే. తాయ్‌చీ అనే మరో యుద్ధకళ హెనాన్ రాష్ట్రంలోని చెన్ గ్రామంలో ఒక కుటుంబం చేతుల్లో ఎదిగింది. 1910లో షాంఘైలో మొదలైన జింగ్‌వూ సంఘం, అంతవరకు ఎక్కువగా గురువుల ఇళ్లలో, ఊళ్లలో దాగి ఉన్న విద్యలను నగరంలో బహిరంగంగా, స్త్రీలకు సైతం నేర్పింది. 1928లో ప్రభుత్వం నాన్‌జింగ్‌లో జాతీయ యుద్ధకళల సంస్థను నెలకొల్పింది. అదే 1928లో ఒక సేనాధిపతి షావోలిన్ మఠానికి నిప్పు పెట్టించాడు. ఆ మఠమే ఏకైక ఊట అయితే ఈ విద్య అక్కడితో ఇంకిపోవాలి. ఇంకిపోలేదు సరికదా, ఆ దశాబ్దంలో మునుపెన్నడూ లేనంతగా జనంలోకి వెళ్లింది. షావోలిన్ పేరు మళ్లీ ఇంటింటా మోగింది 1982లో జెట్ లీ నటించిన సినిమా తర్వాత, వేలాది యువకులు ఆ కొండల దారి పట్టాక.

సందేశంలో కొంత నిజం ఉన్నది చివరి మాటలోనే. జపాన్ దక్షిణ దీవి ఓకినావాలోని కరాటేకు దక్షిణ చైనాలోని ఫూజియన్ విద్యలు తోడైన మాట వాస్తవం. దాన్ని కరాటే గురువు ఫునాకోషి 1922లో టోక్యోకు తెచ్చాడు. కొరియా యుద్ధకళకు తైక్వాండో అన్న పేరు 1955లో వచ్చింది. దానికి పునాది వేసినవారిలో చాలామంది జపాన్‌లో కరాటే నేర్చినవారే కనుక ఆ చైనా ఛాయ దూరం నుంచి దానిమీదా పడింది. జూడో మాత్రం 1882లో కానో జిగోరో జపాన్‌లోనే ఉన్న జుజుత్సు సంప్రదాయాల నుంచి తీర్చిదిద్దినది.