బోర్డు మీటింగ్‌లో జారిపోయిన మాటని ఎవరు అందుకుంటారు?

టీమ్‌వర్క్ నేర్పిస్తామనే శిక్షణ తరగతులు చాలావరకు ఒకే తంతు. పదిమందిని గుంపులుగా విడగొట్టి, ఏదో ఆట ఆడించి, చివర్లో చప్పట్లు కొట్టించి పంపేస్తారు. మర్నాడు ఆఫీసులో మళ్లీ అదే మీటింగ్, అదే ఎడమొహం పెడమొహం. నన్నడిగితే అంతకంటే ఎక్కువ పనికొచ్చే చోటు ఇంకొకటి ఉంది. ఏదైనా ఒక బోర్డు మీటింగ్‌లో, ఓటు లేకుండా, అడిగితే తప్ప మాట్లాడే వీల్లేకుండా, ఒక పక్కన కూర్చుని చూడటం. అది కంపెనీ బోర్డే కానక్కర్లేదు. స్కూలు బోర్డు, సేవాసంస్థ కార్యవర్గం, సహకార సంఘం పాలకవర్గం, ఏదైనా సరే. కొందరు మనుషులు, వాళ్లందరికీ సమానమైన ఓటు, అందరూ కలిసి తేల్చాల్సిన పని ఒకటి ఉంటే చాలు.

ఇలాంటి కుర్చీ వింతేమీ కాదు. స్టార్టప్‌లలో డబ్బు పెట్టిన సంస్థలు డైరెక్టర్ పదవి తీసుకోకుండా, బోర్డు అబ్జర్వర్ అనే పేరుతో తమ మనిషిని కూర్చోబెట్టడం మామూలే. 2023 నవంబర్‌లో చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ నుంచి దాని సీఈఓ శామ్ ఆల్ట్‌మన్‌ని తీసేయడం, మళ్లీ తెచ్చుకోవడం అనే రభస ముగిశాక, అందులో డబ్బు పెట్టిన మైక్రోసాఫ్ట్‌కి దక్కింది కూడా ఇలాంటి ఓటు లేని స్థానమే, 2024 జూలైలో దాన్ని వదులుకుంది. పెద్దవాళ్ల సంగతి అలా ఉంచితే, రేపు బోర్డులోకి తీసుకుందామనుకున్నవాళ్లని ముందు ఒకటి రెండు మీటింగులకు రమ్మని చూడనిచ్చే సంస్థలున్నాయి, స్థానిక సంస్థల సమావేశాలు జనం వచ్చి చూడటానికి చట్టమే వీలిచ్చిన దేశాలూ ఉన్నాయి. వెళ్లినవాళ్లలో చాలామంది మాత్రం ఏం నిర్ణయించారో రాసుకుని తిరిగొచ్చేస్తారు. అది మినిట్స్ (మీటింగ్‌లో తేలినవాటిని రాసిపెట్టే కాగితం) చదివినా తెలుస్తుంది కదా!

మాట్లాడాల్సినవాడు సగమే వింటాడు. మిగతా సగం బుర్ర తన వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలా, ఎలా మొదలుపెట్టాలా అన్నదాని మీదే ఉంటుంది. ఆ బరువు లేనివాడికి గది మొత్తం కనిపిస్తుంది. బృందాలు ఎలా పనిచేస్తాయన్న దాని గురించి ఈ రోజు మనం చెప్పుకునే సంగతుల్లో చాలావాటిని మొదట పట్టుకున్నది ఇలా పక్కన కూర్చుని చూసినవాళ్లే. హార్వర్డ్‌లో రాబర్ట్ బేల్స్ అనే సామాజిక శాస్త్రవేత్త, లోపలివాళ్లకి కనిపించకుండా అద్దం వెనక పరిశీలకుల్ని కూర్చోబెట్టి, చిన్న బృందాల్లో దొర్లే ప్రతి మాటనీ 12 రకాలుగా విడగొట్టి రాసే పద్ధతిని 1950లో ప్రచురించాడు. అభిప్రాయం అడిగారా, చెప్పారా, ఒప్పుకున్నారా, కాదన్నారా, టెన్షన్ పెంచారా, తగ్గించారా, ఇలా. తర్వాత ఇంగ్లండ్‌లోని హెన్లీలో మెరెడిత్ బెల్బిన్ అనే పరిశోధకుడు ఇలాంటి పనే ఇంకా పెద్ద ఎత్తున చేశాడు, మేనేజర్లు జట్లుగా ఆడే వ్యాపార క్రీడల్లో ఎవరు ఏ తరహాలో మాట్లాడారో అర నిమిషానికోసారి నమోదు చేయించాడు. తెలివితేటల పరీక్షల్లో పైనున్నవాళ్లని ఏరికోరి కూర్చిన జట్లకి అక్కడ అపోలో జట్లని పేరు. అవి గెలుస్తాయనుకుంటే, చాలాసార్లు వెనకబడిపోయేవి. అవతలివాడి వాదనలో లొసుగు పట్టడంలో అందరూ దిట్టలే, అవతలివాడి మాటని పట్టుకుని ఒక మెట్టు ముందుకు తీసుకెళ్లేవాడే కరువు.

ఇక్కడ ఒక సన్నివేశం ఊహించుకోండి. ఎజెండాలో నాలుగో అంశం వచ్చే ఏడాది బడ్జెట్. లెక్కలు చూసే ఆయన పట్టిక చదవడం ముగించాడు. ఈ మధ్యే బోర్డులోకి వచ్చిన ఒకావిడ కాగితం మీంచి తలెత్తకుండానే, "ఈ రాబడిలో ఇంకా వసూలు కానిది కూడా కలిపేశారా?" అని అడుగుతుంది. ఆయన నోరు తెరిచేలోపే ఇంకో సీనియర్ సభ్యుడు కొత్త భవనం సంగతి ఎత్తుకుంటాడు, ఇద్దరు ముగ్గురు దాని మీద పడతారు, పది నిమిషాలు అదే నడుస్తుంది. ఆవిడ ఆ అంకె చుట్టూ పెన్నుతో ఒక సున్నా చుట్టి ఊరుకుంటుంది. అప్పుడు టేబుల్ ఆ చివర, అప్పటిదాకా పెద్దగా నోరు మెదపని ఒకాయన, "భవనం తర్వాత చూద్దామండీ, ఇందాక మేడమ్ అడిగినదానికి జవాబు రాలేదు" అంటాడు. లెక్కలాయన రెండు పేజీలు వెనక్కి తిప్పుతాడు, వేలితో వరస వెంట దిగుతాడు. కలిపేశారు. బడ్జెట్ సవరించాల్సిందే.

మినిట్స్‌లో ఆ టేబుల్ చివరి మనిషి మాట ఎక్కడా కనిపించదు. సవరణతో బడ్జెట్ ఆమోదం అని ఒక లైను, అంతే. నా దృష్టిలో మాత్రం ఆ రోజు ఆ గదిలో జరిగిన అసలైన టీమ్‌వర్క్ ఆ ఒక్క వాక్యమే. అందుకే నేననేది, ఎవరు బాగా మాట్లాడారు, ఎవరు గెలిచారు అన్నది పక్కన పెట్టి, ఒకరి నోట్లోంచి వచ్చిన మాట ఆ తర్వాత ఏమైందో దాని వెంటే పొమ్మని. ఎవరైనా అందుకున్నారా, పక్కకి నెట్టేశారా, అలా జారిపోయిందా, జారిపోతే వెనక్కి తెచ్చింది ఎవరు? ఈ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే నీరసంగా సాగే మీటింగ్‌లో కూడా నిద్ర రాదు.

అందుకునే ఆ ఒక్క మనిషికి అంత ప్రాముఖ్యం ఎందుకంటే, ఒంటరిగా నిలబడటం మనుషులకి చేతకాదు కాబట్టి. 1950లలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాలు చాలామందికి తెలిసినవే. ఈ గీతల్లో ఏది ఆ గీతంత పొడవుందో చెప్పమన్నారు, చిన్నపిల్లాడైనా చెప్పగలిగే ప్రశ్న, కానీ గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్తుంటే, పరీక్షకి వచ్చినవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది కనీసం ఒక్కసారైనా నలుగురితో నారాయణా అనేశారు. ఆ ప్రయోగంలో జనం అంతగా చెప్పుకోని భాగం ఇంకొకటుంది. మిగతావాళ్లలో ఒక్కరు సరైన జవాబు చెప్పినా చాలు, ఆ లొంగుబాటు ఒక్కసారిగా పడిపోయింది. బోర్డులో రెండో గొంతు చేసే పని ఇదే. 1876లో హెన్రీ రాబర్ట్ అనే అమెరికా సైనిక ఇంజనీరు కూర్చిన సభా నియమాల్లో ఇది ముందే ఉంది. పెద్ద సభల్లో ఒకరు ప్రతిపాదిస్తే ఇంకొకరు బలపరచాలి. బలపరిచినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, ఇది చర్చించదగ్గ విషయమే అని మాత్రమే. తర్వాత దానికి వ్యతిరేకంగా ఓటేయొచ్చు కూడా. టీమ్‌వర్క్ అంటే తందానా అనడమే అనుకునేవాళ్లు ఈ ఒక్క నియమం దగ్గర కాసేపు ఆగాలి.

అందుకునేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే 1986 జనవరి 27 రాత్రి జరిగిన సమావేశం చదవాలి. అది బోర్డు మీటింగ్ కాదు, చాలెంజర్ అనే అంతరిక్ష నౌక ప్రయోగానికి ముందు రోజు రాత్రి నాసాకీ, బూస్టర్ రాకెట్లు తయారుచేసిన మార్టన్ థియోకాల్ అనే కంపెనీకీ మధ్య ఫోన్ మీద నడిచిన చర్చ. చలికి రాకెట్ కీళ్లలోని రబ్బరు రింగులు సరిగా పనిచేయవని, 53 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే తక్కువ ఉంటే వదలొద్దని కంపెనీ ఇంజనీర్లు చెప్పారు. నాసా వాళ్లు విసుక్కున్నారు. మేం మాలో మాట్లాడుకుంటామని కంపెనీ వాళ్లు కాసేపు లైన్ పక్కన పెట్టారు, అది అరగంట దాకా సాగింది. ఆ అరగంటలో ఆర్నీ థాంప్సన్ అనే ఇంజనీరు తన కుర్చీలోంచి లేచి టేబుల్ చుట్టూ తిరిగి మేనేజర్ల దగ్గరికెళ్లి, వాళ్ల ముందు కాగితం పెట్టి ఆ కీలు బొమ్మ గీసి చూపించాడు. వాళ్లకి ఎక్కడం లేదని అర్థమై ఆపేశాడు. తర్వాత రోజర్ బోయిజోలీ పాత ప్రయోగాల్లో తీసిన ఫొటోలు చూపించాడు. ఆయనా ఆపేశాడు. చివర్లో నలుగురు మేనేజర్లే కూర్చుని నిర్ణయం మార్చారు. మళ్లీ లైన్ మీదకి వచ్చాక ఎవరికైనా అభ్యంతరం ఉందా అని నాసా వైపు నుంచి అడిగితే ఎవరూ పలకలేదు. మర్నాడు పైకి లేచిన 73 సెకన్లకి చాలెంజర్ గాల్లోనే ముక్కలైంది, ఏడుగురి ప్రాణాలు పోయాయి.

ఇంజనీర్లు మాట్లాడలేదా అంటే మాట్లాడారు, బొమ్మ గీసి మరీ చెప్పారు. టేబుల్‌కి ఆ వైపు కూర్చున్న నలుగురిలో ఒక్కరైనా ఆ కాగితం తన వైపు లాక్కుని, ఆగండి, ఇతను చెప్పేది పూర్తిగా విందాం అని ఉంటే ఏమయ్యేదో. చివర్లో వేసిన ఆ ప్రశ్న కూడా గమనించండి, ఎవరికైనా అభ్యంతరమా అని అందరినీ కలిపి అడిగితే వచ్చేది మౌనమే. ఇలాంటి ప్రశ్న ప్రతి బోర్డు మీటింగ్‌లోనూ వినిపిస్తుంది. మంచి చైర్మన్ ఇంకోలా అడుగుతాడు: పేరు పెట్టి, ఫలానా పేజీలో మీకేదో సందేహం ఉన్నట్టుంది, ముందు మీరు చెప్పండి అని. రెండింటికీ తేడా పక్కన కూర్చుని చూసేవాడికి చప్పున తెలుస్తుంది, అడిగేవాడికి ఒక్కోసారి తెలియదు.

చైర్మన్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో రెండు మాటలు. పెద్ద సభల్లో అధ్యక్ష స్థానంలో ఉన్నవాళ్లు చర్చలో దిగకూడదని రాబర్ట్ నియమాలు చెప్తాయి, పదీ పన్నెండు మంది ఉండే చిన్న బోర్డులకి మాత్రం ఆ పట్టింపు లేదు. వెసులుబాటు మంచిదే, కానీ చైర్మన్ ముందే తన మొగ్గు చూపించేస్తే మిగతావాళ్ల మాటలు ఆ వైపుకే వాలిపోతాయి. 1961 ఏప్రిల్‌లో క్యూబా మీద బే ఆఫ్ పిగ్స్ దాడి బెడిసికొట్టాక అమెరికా అధ్యక్షుడు కెనెడీకి ఈ విషయం బాగా తలకెక్కినట్టుంది. 1962 అక్టోబర్‌లో క్యూబాలో సోవియట్ క్షిపణుల సంక్షోభం వచ్చినప్పుడు సలహాదారుల సమావేశాల్లో కొన్నింటికి కావాలనే వెళ్లలేదు, తను లేకపోతే ధైర్యంగా మాట్లాడుకుంటారని. మీరు చూస్తున్న బోర్డులో పెద్దమనిషి ముందు మాట్లాడుతున్నారా, చివర్లోనా? ఒక్కసారి ఫోన్ వచ్చి బయటికెళ్తే గది గొంతు మారుతోందా? ఇవి రాసుకోండి.

మాటల వంతుల్ని లెక్కపెట్టాలని కూడా అనిపిస్తుంది. 2010లో అనీటా వూలీ అనే పరిశోధకురాలి బృందం 699 మందితో చేసిన అధ్యయనంలో, బృందం మొత్తం తెలివికి సభ్యుల విడివిడి తెలివితో సంబంధం అంతంతమాత్రమేనని, ఎదుటివాళ్ల మనసు గ్రహించగలగడం, మాట్లాడే అవకాశం ఒకరిద్దరి దగ్గరే పోగుపడకుండా పంచుకోవడం అంతకంటే ముఖ్యమని తేలింది. అలాగని ఒక్కొక్కరూ ఎన్నిసార్లు నోరు విప్పారో గీతలు గీసి సరిపెట్టుకుంటే లాభం లేదు. మన టేబుల్ చివరి పెద్దమనిషి మాట్లాడింది ఒక్కసారే మరి.

ఓటింగ్ అయ్యాక కుర్చీల్లో సర్దుకునే ఆ రెండు నిమిషాలు కూడా చూడదగ్గవే. ఓడిపోయినవాళ్లు ఏం చేస్తారు? మొహం ముడుచుకుని ఫోన్ తీస్తారా, లేక సరే, ఇది అమలు చేయాలంటే ముందు ఏం కావాలి అని అడుగుతారా? అదే మీటింగ్‌లో తేలిపోయిన విషయాన్ని వెంటనే మళ్లీ తిరగదోడమని అడిగే హక్కు రాబర్ట్ నియమాల ప్రకారం గెలిచిన పక్షాన ఓటేసినవాళ్లకే ఉంటుంది. మొదటిసారి వింటే అన్యాయంగా అనిపిస్తుంది. కాస్త ఆలోచిస్తే, ఓడినవాళ్లు అదే పనిగా పీకులాడకుండా, గెలిచినవాళ్లు మనసు మార్చుకోవడానికి దారి ఉండేలా చేసిన ఏర్పాటు అది. ఆఫీసు టీముల్లో ఈ రెండూ ఉండవు. ఓడినవాడు కారిడార్లో యుద్ధం కొనసాగిస్తాడు, గెలిచినవాడు తప్పని తెలిసినా వెనక్కి తగ్గడు.

అయితే గదిలో కనిపించేదే అంతా అనుకుంటే మోసపోతాం. సగం బేరాలు ముందు రోజు ఫోన్లలోనే అయిపోతాయి. అసలు గొడవలున్న అంశం వచ్చినప్పుడు అబ్జర్వర్‌ని కాసేపు బయట కూర్చోమంటారు, కూర్చోవాల్సిందే. మీటింగ్ సాఫీగా నడిచిందంటే రెండు కారణాలుండొచ్చు, అందరూ ముందే బాగా చదువుకుని వచ్చి ఉండొచ్చు, ఒక్కరూ చదవకుండా వచ్చి ఉండొచ్చు. తేడా కాగితాల్లో తెలుస్తుంది. మార్జిన్లలో గీతలున్నాయా, ప్రశ్నలు పేజీ నంబరుతో వస్తున్నాయా, లేక ఆ కట్ట తెచ్చింది తెచ్చినట్టే నలగకుండా ఉందా?

మీ నోట్సులో మనుషుల పేర్లు రాయకండి, కుర్చీలకి అంకెలు వేసుకోండి చాలు. గోప్యతకి ఒప్పుకున్నాకే మిమ్మల్ని లోపలికి రానిచ్చారు, ఆ కాగితం బయట ఎవరి చేతిలోనైనా పడితే నేర్చుకున్నది చాడీల కింద మారిపోతుంది. అలాగే ఒక్క మీటింగ్ చూసొచ్చి ఆ బోర్డు గురించి తీర్పులు చెప్పేవాళ్లని నేను పెద్దగా నమ్మను. మొదటిసారి "అది నేను చూసుకుంటాను" అన్నవాళ్ల మాట రెండో మీటింగ్‌కి ఏమైందో చూస్తే గానీ ఆ టీమ్ ఎలాంటిదో తెలియదు. ఒక్కోచోట ఆ పని ఊసే ఎత్తరు. ఒక్కోచోట చైర్మన్ అడిగితే సాకులు వస్తాయి. ఇంకో చోట ఆ పని చేస్తానన్నవాళ్లు చేయలేకపోతే, పక్క కుర్చీవాళ్లు ముందుగానే ఫోన్ చేసి సగం పని పంచుకుని ఉంటారు, ఆ విషయం మీటింగ్‌లో మాట వరసకి మాత్రమే బయటపడుతుంది. అది వినపడాలంటే రెండోసారీ, మూడోసారీ వెళ్లి అదే మూల కూర్చోవాలి.