కునుకు వస్తుంటే ఇంకా నెమ్మదించడమా?
ధ్యానంలో మత్తు కమ్మితే ఇంకా నెమ్మదించి శ్వాస మీదే ఉండమని ధ్యానం గురించిన ఒక వ్యాసంలో రాశారు, అక్కడే తేడా కొడుతోంది. కామచ్ఛందం (కోరిక), వ్యాపాదం (ద్వేషం), థీనమిద్ధం (మత్తు, మందకొడితనం), ఉద్ధచ్చ కుక్కుచ్చం (కలత, పశ్చాత్తాపం), విచికిచ్ఛ (సందేహం) అనే ఐదు నీవరణాల్లో, అంటే ధ్యానానికి అడ్డుపడేవాటిలో, దేని మందు దానిదే. బుద్ధుడి బోధల పాళీ సంకలనమైన సంయుత్త నికాయంలోని అగ్గి సుత్తం నిక్కచ్చిగా చెబుతుంది: మనసు మందగించినప్పుడు ప్రశాంతి, సమాధి, ఉపేక్షల (సమభావం) జోలికి పోవడమంటే చిన్న నిప్పును రాజేయాలని దాని మీద పచ్చికట్టెలు వేయడమే. అప్పుడు కావాల్సింది ధర్మ విచారణ, వీర్యం (గట్టి ప్రయత్నం), ప్రీతి (ఆనందం). మనసు నిలవకుండా ఎగిరిపడుతుంటే మాత్రం ఈ మూడూ పనికిరావు, ప్రశాంతి వైపు మళ్లాలి. స్మృతి (ఎరుక) ఒక్కటే ఎప్పుడైనా అక్కరకొస్తుంది. మన ఒంగోలు, చందవరం వైపు మే నెల మధ్యాహ్నం కడుపునిండా తిని కళ్లు మూసుకుంటే వచ్చేది సమాధి కాదులెండి. శ్వాస లెక్క తప్పుతుంది, గడ్డం గుండెలకు ఆనుతుంది. కునికిపాట్లు పడుతున్న తన శిష్యుడు మొగ్గల్లానుడికి బుద్ధుడు చెప్పిన వరస వేరు: ముందు కునుకు తెచ్చిన తలపు వదులు, విన్న ధర్మాన్ని నెమరేసుకో, పైకి వల్లించు, చెవులు లాగి ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు కడుక్కుని చుక్కలకేసి చూడు, వెలుగును తలచుకో, అటూ ఇటూ నడువు. అప్పటికీ లొంగకపోతే లేవాలన్న తలంపుతోనే కుడిపక్కకి తిరిగి పడుకో. పడుకోమన్నదీ ఆయనే, ఆ ముక్క వ్యాసంలో ఎక్కడా లేదు.