పధ్నాలుగో దశాంశ అంకె గారికి

అంకె గారూ,

కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ మీద ఒక చోట రైట్ క్లిక్ చేస్తే మెనూలో అక్షాంశం, రేఖాంశం ఐదేసి దశాంశాలతో మర్యాదగా కనిపిస్తాయి. సరే కదా అని కాపీ చేసి చాట్‌లో అతికించానో లేదో, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఆరో ఆయన, ఏడో ఆయన, ఎనిమిదో ఆయన అంటూ మీ బలగమంతా దిగిపోతుంది, ఆఖర్న తమరు. ఇంతకీ తమరు చేసే పనేంటండీ?

అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే నేల మీద దాదాపు 111 కిలోమీటర్లు. ఐదో అంకె దగ్గరికొచ్చేసరికి అది మీటరు పైచిలుకు, ఆరో అంకెకి 11 సెంటీమీటర్లు. గేటు ఎక్కడుందో చెప్పడానికి ఐదో ఆయన చాలు, ఆరో ఆయన కూడా ఉంటే గొళ్లెం ఎటువైపుందో చెప్పేయొచ్చు. తమరి వాటా సుమారు 1 నానోమీటరు. డీఎన్ఏ పోగు మందమే 2 నానోమీటర్లు! డెలివరీ అబ్బాయికి నేను చెప్పాల్సింది గుమ్మం ఎక్కడుందో గానీ, గుమ్మంలో ఏ అణువు ఎదురుగా నిలబడాలో కాదు.

పోనీ ఆ ధీమాకి ఆధారమైనా ఉందా? ప్రపంచమంతా 256 పిక్సెళ్ల చదరంలో ఇమిడేంతగా జూమ్ అవుట్ చేస్తే భూమధ్యరేఖ దగ్గర ఒక్కో పిక్సెల్ కింద 156 కిలోమీటర్లు పడుకుని ఉంటాయి, అక్కడ గుడ్డిగా ఒక క్లిక్ కొట్టినా సరే తమరు టంచనుగా హాజరు. ఫోన్ జీపీఎస్ ఏమో ఆరుబయట కూడా ఓ 5 మీటర్లు అటూ ఇటూ అంటుంది. ఇక నేల సంగతి. ఆస్ట్రేలియా ఏటా 7 సెంటీమీటర్ల చొప్పున జరిగిపోతోంది, 1994 నాటి కొలతలకీ 2020 కొలతలకీ 1.8 మీటర్ల తేడా తేలి, అక్కడి ప్రభుత్వం అక్షాంశ రేఖాంశాల లెక్కనే మార్చుకుంది. ఏటా 7 సెంటీమీటర్లంటే సెకనుకి 2 నానోమీటర్లు. అంటే అక్కడ మిమ్మల్ని కాపీ చేసి అతికించేలోపే తమరు పాతబడిపోతారన్నమాట.

మీ వల్ల అసలు టెన్షన్ ఏంటంటే, మిమ్మల్ని చూసి జనం నమ్మేస్తున్నారు. ఇన్ని అంకెలున్నాయంటే తప్పుండదులే అని. అదే మనిషి డిగ్రీకి 60 నిమిషాలన్న లెక్క మరిచిపోయి, 30 నిమిషాలని .5 అనకుండా .30 అని కొట్టి అక్షాంశంలో 22 కిలోమీటర్లు అవతల పడతాడు, మైనస్ గుర్తు వదిలేసి ఏకంగా అర్ధగోళమే మారిపోతాడు, కానీ తోకలో మీ ఎనిమిది మందినీ మాత్రం ఒక్కొక్కరినీ సరిచూసుకుంటాడు!

కాబట్టి ఇకమీదట ఆరో ఆయన దగ్గర కోసేస్తున్నా. ఏడు, ఎనిమిది గార్లు సర్వే వాళ్లని కలవండి, అక్కడ పని దొరుకుతుంది. తమరికి మాత్రం వాళ్ల దగ్గర కూడా ఖాళీలు లేవు.

ఇట్లు,
ఐదు అంకెలతో ఇల్లు చేరుకునే మనిషి